సీసాలక్క రక్తం, కొడుకు రక్తం

ఆ రక్తపరీక్షల కేంద్రంలో గాజు గొట్టాలు కడిగే ఆవిడని అందరూ సీసాలక్క అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే తొట్టి, అదే బ్రష్షు, అదే నడుంనొప్పి. చేతి తొడుగులు ఇవ్వని కాలంలో పనిలో చేరింది. పగిలిన గొట్టాలు వేళ్లు కోశాయి, వాడేసిన సూదులు గుచ్చుకున్నాయి. పైటచెంగుతో తుడుచుకుని మళ్లీ పనిలో పడింది. అలా అంటుకున్నదే హెపటైటిస్ సి, రక్తంలో చేరి ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా కాలేయాన్ని తినే వైరస్.

ఆ సంగతి మూడేళ్ల కిందట, సిబ్బంది కుటుంబాలకి పరీక్ష చేసినప్పుడు బయటపడింది. ఆమెకీ ఉంది, ఇరవై నాలుగేళ్ల కొడుక్కీ ఉంది. "కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వచ్చుండొచ్చు" అని డాక్టరు ఓ మాట అనేసి పోయాడు. ఆయన ఆ పూటే మర్చిపోయి ఉంటాడు. ఈవిడ మాత్రం ఆ మాటతోనే లేచింది, ఆ మాటతోనే పడుకుంది. అప్పట్నుంచి కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. వాడు మిట్టమధ్యాహ్నం దాకా పడుకున్నా, చేస్తున్న ఉద్యోగం మానేసినా, నా వల్లే కదా అని నోరు కుట్టేసుకుంది. చూసేవాళ్లకి ఒళ్లు మండేది.

ఇన్నాళ్లకి మందు వచ్చింది. ఇచ్చేముందు ఎవరికి ఏ రకం వైరస్ ఉందో చూడమన్నారు. పనిలో పనిగా చుట్టుపక్కల వీధుల్లో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి రక్తం తీశారు. ఫలితాలొచ్చిన రోజు ల్యాబు అమ్మాయి ఆమెని పక్కకి పిలిచింది.

"యాభై దాటినవాళ్లలో నూటికి తొమ్మిదిమందికి ఉందక్కా. దాదాపు అందరిదీ ఒకటో రకమే. అంతా అప్పట్లో ఒకే గాజు సిరంజీతో అందరికీ పొడిచిన పుణ్యం. ముప్ఫై లోపు వాళ్లలో నూటికి ఇద్దరే, కానీ వాళ్లది ఎక్కువగా మూడో రకం. నీది ఒకటోది, మీవాడిది మూడోది."

"అంటే?"

"అంటే నీ నుంచి వాడికి రాలేదు. నీదే అంటుకునుంటే వాడిదీ ఒకటో రకమే అవ్వాలిగా."

సీసాలక్క స్టూలు మీద కూలబడి బావురుమంది. ఏడుపు ఆగాక అడిగింది. "మరి వాడికెలా వచ్చిందే?"

అమ్మాయి తలుపు దగ్గరికి వేసింది. "ఆ వయసువాళ్లకి ఎక్కువగా మత్తు సూదుల వల్లేనక్కా. ఒక్క సూదితోనే నలుగురూ పొడుచుకుంటారు. మీవాడి సంగతి నాకు తెలీదు. వాణ్నే అడుగు."

ఇంటికెళ్లేసరికి రెండైంది. కొడుకు అప్పుడే లేచి, మంచం మీద కూర్చుని ఆవలిస్తున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"నీకు జబ్బు నా నుంచి రాలేదంటరా."

వాడు తలెత్తలేదు. "తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆమె మంచం దగ్గరికొచ్చింది. "మరి మూడేళ్లు నన్నెందుకు ఏడవనిచ్చావురా?"

వాడు గోళ్లు గిల్లుకుంటూ అన్నాడు. "నువ్వేడుస్తున్నన్నాళ్లూ నన్నెవరూ ఏమీ అడగలేదమ్మా."

లాగి చెంప మీద ఒక్కటిచ్చింది. మూడేళ్లలో అదే మొదటి దెబ్బ. చెప్పులు విప్పి వాడి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు నేనడుగుతున్నాను" అంది. "చెప్పు."