కాలర్ మామయ్య స్వతంత్ర వ్యాపారం

ఆ లాండ్రీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పనిలో చేరిన కొత్తలో, ఏ చొక్కా చేతికిచ్చినా ముందు కాలర్ పట్టుకుంటున్నాడని ఎవరో సరదాకి కాలర్ మామయ్య అన్నారు. అప్పటికి మీసాలైనా సరిగ్గా రాలేదు, మామయ్య అయ్యే వయసు అసలే కాదు. అయినా పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు జుట్టు నెరిసి పేరుకి తగ్గట్టు తయారయ్యాడు. ఆయన భార్యని కూడా, ఏ చుట్టరికమూ లేకుండానే, లాండ్రీ అంతా అత్తయ్య అంటుంది.

లాండ్రీ అంటే వీధి చివర చిన్న కొట్టు అనుకునేరు. హోటళ్ళ దుప్పట్లు, డాక్టర్ల తెల్లకోట్లు, సర్వర్ల చొక్కాలు మూటలు మూటలుగా వచ్చిపడే చోటు. కింద ఉతికే యంత్రాలు, పైన ఇస్త్రీ గది. ఆ గది కిటికీ అద్దాలు ఎండాకాలంలో కూడా చెమర్చే ఉంటాయి. కిటికీ పక్కనున్నది మామయ్య బల్ల. దాని మీద పరిచిన గుడ్డ ఆయన మోచెయ్యి ఆనే చోట అరిగి పలచబడింది. ఆ బల్ల మీద ఇంకెవరైనా టీ గ్లాసు పెడితే ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. చెడ్డవాడేం కాదు, నోట్లోంచి ఒక్క మంచిమాట ఊడిపడితే ఆస్తి కరిగిపోతుందనుకునే రకం. రోజూ బల్లల మధ్య తిరుగుతూ మామయ్య చేసిన చొక్కా ఒకటి ఎత్తి, కాలర్ తిప్పి చూసి, "ఊఁ" అని పక్కన పెట్టేవాడు. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. మామయ్య దానికే మురిసిపోయి, "ఇవాళ ఊఁ కాస్త సాగదీసి అన్నాడే" అని ఇంటికెళ్ళి అత్తయ్యకి చెప్పుకునేవాడు, పిచ్చి మారాజు.

పెద్దాయనకి మోకాళ్ళు పట్టేశాక వ్యవహారమంతా అల్లుడి చేతికి వచ్చింది. అల్లుడుగారు బాగా చదువుకున్నాడు, మాటకారి. ఒకరోజు అందరినీ మూటల గదిలో నిలబెట్టి తలా ఒక కాగితం పంచాడు. ఇకమీదట ఇక్కడ పనివాళ్ళంటూ ఎవరూ ఉండరు, ప్రతి ఒక్కరూ స్వతంత్ర కాంట్రాక్టరే అన్నాడు. ఎవరి వ్యాపారం వాళ్ళది, ఎవరి వేళలు వాళ్ళవి. బయట పని పట్టుకోవచ్చు. రావడానికి వీలుకాకపోతే తన బదులు ఇంకొకరిని పంపుకోవచ్చు. సెలవులు, చెయ్యి కాలితే వైద్యం లాంటివి మాత్రం ఉండవట. "మీరే యజమానులైతే మీకు సెలవిచ్చేదెవరు?" అని నవ్వాడు. ఇదేదో కొంప ముంచే వ్యవహారమేనని మిగతావాళ్ళు గొణుక్కుంటూ సంతకాలు పెట్టారు. పెట్టకపోతే పని ఉండదని ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

మామయ్య మాత్రం నమ్మాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. అచ్చువేసిన మాట అబద్ధం కావచ్చునని ఆయన బుర్రకి తట్టనే తట్టదు. కాగితం రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికెళ్ళి తాను యజమాని అయ్యానని చెప్పాడు. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయితే యజమానిగారూ, ఆ ఉల్లిపాయలు కాస్త తరిగి పెట్టండి. మీ కంపెనీలో వేరే మనుషులు లేరుగా."

మర్నాడు మామయ్య తీరిగ్గా స్నానం చేసి, ఎండెక్కాక లాండ్రీకి వెళ్ళాడు. గేటు దగ్గర చేతికర్ర పట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఇదేం వేళ అని అడిగాడు. నా వేళలు నావేనని కాగితంలో ఉంది సార్ అన్నాడు మామయ్య. కాగితం అల్లుడిది, లాండ్రీ నాది, పైకి పద అన్నాడు పెద్దాయన. మరి కొన్నాళ్ళకి పక్కవీధి దర్జీ సాయంత్రాలు తన కొట్లో ఇస్త్రీ చేసిపెట్టమన్నాడు. అది తెలిసి అల్లుడుగారు పిలిపించి, మన చేతిపని బయటికి పోతే మన పేరేం కావాలని మెత్తగా చీవాట్లు పెట్టాడు. మామయ్య తల గోక్కున్నాడు. పాపం, పెద్దవాళ్ళకి కాగితం చివరిదాకా చదివే తీరిక దొరకలేదేమోనని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటి మనిషిని ఏమనాలి చెప్పండి.

ఇంతలో అత్తయ్యకి కంటి ఆపరేషన్ చెయ్యాలన్నారు. పక్కన మనిషి ఉండాలి. మామయ్య సెలవడిగితే, యజమానికి సెలవేమిటని అల్లుడుగారు పాత పాటే పాడాడు. సరే, సెలవు లేకపోతే కాగితంలో ఇంకో దారి ఉందిగా! తన బావమరిదిని పంపుతానన్నాడు. అల్లుడుగారు ఫోన్‌లో ఏదో చూసుకుంటూ తలూపాడు.

బావమరిది ఏ పనిలోనూ నిలకడగా ఉండని మనిషి గానీ చెయ్యి మంచిది. మామయ్య వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, వారం పాటు తన చొక్కాలన్నీ తడుపుతూ, వాడిచేత ఇస్త్రీ చేయిస్తూ నేర్పాడు. కాలర్ ముందు లోపలివైపు చెయ్యాలి, కొసల నుంచి మధ్యకి రావాలి, లాగకూడదు, బతిమాలాలి. "చొక్కాకి ఇన్ని మర్యాదలు చేస్తావు, నాకు ఒక్కనాడైనా చేశావా బావా?" అని వాడు ఏడిపించేవాడు. చివరికి వాడి కాలర్లు కూడా ఓ మోస్తరుగా నిలబడ్డాయి. మామయ్య నిశ్చింతగా ఆసుపత్రికి వెళ్ళాడు.

అత్తయ్యని లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికే ఫోన్ మోగింది. బావమరిది గేటు బయటనుంచి మాట్లాడుతున్నాడు. పెద్దాయన ఒక్క కాలర్ తిప్పి చూసి, చొక్కా నేలకేసి కొట్టి, వీణ్ణెవడు రానిచ్చాడని కేకలేసి గెంటేశాడట. వెంటనే ఫోన్ అల్లుడుగారు అందుకుని, మామయ్య కాంట్రాక్టు ఇంతటితో ముగిసిందనీ, రేపటినుంచి రానక్కర్లేదనీ చల్లగా చెప్పాడు. కారణం అడిగితే, కాంట్రాక్టరుకి కారణం చెప్పాల్సిన పని లేదన్నాడు. పెద్దాయన అడ్డుచెప్పలేదు. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే వాడే కాళ్ళబేరానికి వస్తాడనుకున్నాడు.

మామయ్యకి చేతనైంది ఆ ఒక్క పనే. తెలిసింది ఆ ఒక్క బల్లే. ఈ వయసులో ఇంకో గుమ్మం ఎక్కి, నాకు ఇస్త్రీ వచ్చండీ అని చెప్పుకోవాలా? ఆసుపత్రి వరండాలో ఆయనకి ఏడుపొచ్చింది. అందరూ చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చాడు.

కంటికి కట్టుతోనే సంగతంతా విన్న అత్తయ్య మాత్రం ఏడవలేదు. "సెలవడిగితే యజమానివన్నారు. బదులు మనిషిని పంపితే నౌకరువన్నారు. ఏదో ఒకటి తేల్చుకోమనండి. కార్మిక శాఖ ఆఫీసు ఎక్కడుందో కనుక్కోండి" అంది.

విచారణ రోజున ఒకే పొడుగాటి బల్లకి అటు పెద్దాయనా అల్లుడుగారూ, ఇటు మామయ్యా బావమరిదీ కూర్చున్నారు. మధ్యలో అధికారి, కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు ఆవిడ, తేల్చాల్సింది ఒక్కటేనంది. ఈయన పనివాడైతే సరైన కారణం లేకుండా తీసెయ్యడం కుదరదు, బల్ల తిరిగి ఇవ్వాలి. సొంత వ్యాపారం చేసుకునే మనిషైతే తాను చెయ్యగలిగింది ఏమీ లేదు.

అల్లుడుగారు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. సంతకం చూపించాడు. వేళల స్వేచ్ఛ, బయట పని స్వేచ్ఛ అన్నీ వల్లించాడు. "ఎవరు చేశారన్నది మాకు అనవసరం మేడమ్. ముడత పోతే చాలు. ఈయన కాకపోతే ఇంకొకరు" అన్నాడు.

ఆ మాటకి పెద్దాయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. అధికారి అది గమనించి, ఆయనవైపు తిరిగి, ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడినా మీకొకటేనా అని అడిగింది.

"ఒకటెలా అవుతుందమ్మా?" పెద్దాయన గొంతు లేచింది. "ఆ చెయ్యి ఇంకొకడికి ఉందా? మీసాలు రాని రోజుల్లో చేరితే నేనే దగ్గరుండి నేర్పాను. నేను చెప్పిన వేళకి వస్తాడు, నేను చెప్పినట్టే చేస్తాడు. నేను చూడకుండా ఒక్క చొక్కా గది దాటదు. హోటళ్ళవాళ్ళు ఆ కాలర్ చూసే మా దగ్గరికి వస్తారు. ఎవడు పడితే వాడు వచ్చి నిలబడతానంటే ఊరుకుంటానా? లాండ్రీకి తాళం వేసుకుంటాను గానీ ఊరుకోను."

అల్లుడుగారు పెద్దాయన చొక్కా పట్టుకుని లాగాడు. "వదలవయ్యా!" అని పెద్దాయన విదిలించుకున్నాడు. అధికారి తలొంచుకుని రాసుకుంటోంది. బావమరిది సంబరంగా మామయ్య మోకాలు గిల్లాడు. మామయ్యకి అది తెలియనే లేదు. ఆయన పెద్దాయన మొహమే చూస్తున్నాడు.

తర్వాత అధికారి చెప్పాల్సింది ముక్తసరిగా చెప్పింది. వేళ యజమానిది, పద్ధతి యజమానిది, మనిషిని మార్చే వీలు లేదు. కాగితం మీద ఏ పేరు పెట్టుకున్నా ఈయన పనివాడే. వెంటనే పనిలోకి తీసుకోవాలంది.

మెట్ల దగ్గర పెద్దాయన ఆగాడు. "నామీదే ఫిర్యాదు చేశావు కదరా" అన్నాడు.

"లోపల అన్న మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి నాతో అనుంటే చేసేవాణ్ణి కాదు సార్. మా బావమరిదితో చెప్పి పంపినా చేసేవాణ్ణి కాదు" అన్నాడు మామయ్య.

పెద్దాయన కర్ర పొడుచుకుంటూ ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మామయ్య ఎప్పటి వేళకే బల్ల దగ్గర ఉన్నాడు. ఎవరో అక్కడ పెట్టిన టీ గ్లాసు తీసి కిటికీలో పెట్టి, గుడ్డ దులిపి పరిచాడు. మోకాళ్ళు పట్టేసినా పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. మామయ్య చేసిన మొదటి చొక్కా ఎత్తి, కాలర్ తిప్పి చూసి, "ఊఁ" అన్నాడు.

మామయ్య ఇస్త్రీపెట్టె కింద పెట్టాడు. "వినపడలేదు సార్."

గదిలో మిగతా ఇస్త్రీపెట్టెలు కూడా ఆగాయి. పెద్దాయన కాలర్ ఇంకోసారి తిప్పి చూశాడు.

"బాగుందన్నాను. పని చూసుకో" అని చొక్కా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మామయ్య రెండో చొక్కా అందుకున్నాడు. కళ్ళు మసకబారి, కాలర్ ఒక కొస వంకర తిరిగింది. మళ్ళీ తడిపి, మొదటినుంచి మొదలుపెట్టాడు.