కౌంటరు పక్క గది

మందుల షాపులో బొగ్నా ఎవరితోనైనా గొంతు తగ్గించే మాట్లాడుతుంది. డబ్బా మీది పేరు కనబడకుండా అరచేత్తో మూసి అందిస్తుంది. పోలండులో ఆ చిన్న ఊళ్ళో వరసలో నిలబడ్డవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. గర్భం రాకుండా మరునాడు వేసుకునే మాత్రకు ఇప్పుడు డాక్టరు చీటీ అక్కర్లేదు. కౌంటరు పక్క గదిలో కూర్చోబెట్టి మాట్లాడి ఆమే ఇవ్వవచ్చు; అలా మాట్లాడకుండా మాత్రం ఇవ్వకూడదు. ఆ గది దేనికో ఊరంతటికీ తెలుసు. అందుకే బీపీ కూడా అక్కడే చూస్తానని ఆమె తలుపుకు కాగితం అంటించింది. ముసలమ్మలు మాత్రం కౌంటరు మీదే చెయ్యి చాపుతారు. "ఆ గదిలోకా? ఈ వయసులో నాకు చెడ్డపేరు తెస్తావా తల్లీ?"

సోమవారం పొద్దున బేకరీలో పనిచేసే లీద్కా వచ్చి, కౌంటరు మీదికి వంగి ఆ మాత్ర అడిగింది. "ఇస్తానమ్మా, ఒక్క నిమిషం లోపలికి రా," అని బొగ్నా తలుపు తీసింది. వరసలో తలలన్నీ అటు తిరిగాయి.

"ఏమే లీద్కా, ఒంట్లో బాలేదా? మీ అమ్మ చెప్పలేదే!" అంది వెనక నుంచి గెనొవేఫా.

"గొంతు నొప్పి, ఆంటీ."

"గొంతుకి గదెందుకే?"

ఎవరో నవ్వారు. లీద్కా బొగ్నా వైపు చూసింది. "ఇక్కడే ఇచ్చేయండి," అంది, పెదవులు మాత్రమే కదిలాయి. బొగ్నా తల అడ్డంగా ఊపింది.

"గొంతు బిళ్ళలు ఇవ్వండి," అంది లీద్కా పైకి.

ఆ మాత్ర రేపు వేసుకున్నా పనిచేయవచ్చని ఆ పిల్లకు తెలియదు. వీధిలోకి పరిగెత్తి ఆ మాట చెబితే ఊరికి చెప్పినట్టే. బొగ్నా షాపు కిటికీ అద్దంలోంచి చూస్తూ ఉండగానే లీద్కా గొంతు బిళ్ళలతోనే బస్సెక్కింది.