సీసం గుండ్లు, నర్సమ్మ మాట

మా లక్సెట్టిపేట నర్సమ్మ పోయిన సోమవారం చనిపోయింది. కబురు నాకు ఇచ్చోడలో, అత్తగారింట్లో అందింది. బస్సెక్కి వచ్చేసరికి పొద్దు వాలింది.

ఆమె సర్కారు దవాఖానలో చాలా ఏళ్లు పనిచేసింది. చేతులు కడుక్కోనిదే ఎవరింట్లోనూ కూర్చునేది కాదు. తెలియనిదేదైనా అడిగితే "నాకు తెల్వది, అడిగొస్త" అనేది. నిజంగానే అడిగి వచ్చేది. ఆ గుణం డాక్టర్లలో కూడా నాకు ఎక్కువ కనబడలేదు.

మాది గోదావరిలో చేపలు పట్టే ఇల్లు. కడుపుతో ఉన్నవాళ్లను నీళ్లలోకి దిగనిచ్చేవారు కాదు. పాపం ఒట్టి మనిషి కాదని ఇంట్లో కూర్చోబెట్టి తేలిక పని అప్పగించేవారు. పాత లారీ బ్యాటరీల సీసం పొయ్యి మీద కరిగించి, వల అంచుకు గుండ్లు పోయడమే ఆ పని. గుండును దారానికి బిగించాలంటే పంటితో నొక్కేవారు. నేను కడుపులో ఉన్నన్ని నెలలూ మా అవ్వ అదే చేసింది, తర్వాత కూడా మానలేదు. వాడలో తనంత చకచకా ఎవరూ చేయలేదని ఒకటే గొప్పలు!

నాకు పెళ్లయ్యాక మూడుసార్లు కడుపు నిలవలేదు. అత్త నా భర్తకు ఇంకో సంబంధం వెతకసాగింది. నేను పుట్టింటికి వచ్చాను. నర్సమ్మ నన్ను చూసి, తర్వాత అవ్వ నోటివైపే చూస్తూ ఉండిపోయింది.

"చెల్లె, గా చిగుళ్ల మీద నల్లగీత ఎప్పటిసంది?"

"ఏమో నర్సమ్మా, పెండ్లయిన కొత్తలకెళ్లి ఉన్నది."

పది రోజులకు పెద్ద డాక్టరమ్మను అడిగి వచ్చింది. నన్ను ఒక్కదాన్నే పెరట్లోకి పిలిచింది.

"సీసం అవ్వ నెత్తురుకెళ్లి కడుపుల బిడ్డకు దిగుతదట. గా బిడ్డ పెద్దగయినంక కాన్పులకు అడ్డం రావచ్చునట. నీకు గిదే కారణమని రాసియ్యలేను. గని నీ తప్పయితే లేదు బిడ్డా. మీ అవ్వకు మాత్రం చెప్పకు, తట్టుకోదు."

నా తప్పు లేదని నాతో అన్న మొదటి మనిషి ఆమె. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ అన్నం తిన్నాను, నిద్రపోయాను.

నాతోపాటు ఇచ్చోడ దాకా వచ్చి అత్తకూ అదే చెప్పింది. అత్త గంటసేపు తిట్టింది. నర్సమ్మ టీ తాగుతూ విన్నది. చివరికి నా భర్త "నాకు ఇంకో పెండ్లి వద్దే అవ్వా" అన్నాడు. సంబంధం ఆగింది. పిల్లలు మాత్రం కలగలేదు. కొన్నేళ్లు ఏడ్చాను, తర్వాత మానేశాను.

మా వాడలో ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు దారం పేనుతారు. సీసం ముట్టనివ్వరు. ఇల్లిల్లూ తిరిగి నర్సమ్మే మాన్పించింది.

మొన్న ఆమె శవం దగ్గర అవ్వ, నేను పక్కపక్కన కూర్చున్నాం. అవ్వ మెల్లగా అన్నది.

"సీసం ముచ్చట నీకు చెప్పొద్దని నర్సమ్మ నాతోని ఒట్టేయించుకున్నది బిడ్డా. తెలిస్తే నువ్వు తట్టుకోవన్నది. ఇగ ఆమెనే లేదు. నన్ను తిడితే తిట్టు."

"నాకు ఎర్కనే అవ్వా" అన్నాను.

అవ్వ నావైపు చూడలేదు. నర్సమ్మ పాదాల మీద చీర సర్దింది. సరిగానే ఉన్నదాన్ని మళ్లీ సర్దింది.