మామ గడ్డంల రాయి పిండి

కోరుట్లల వంటింటి గట్లకు గ్రానైట్ కోసి బిగించుడు మా పని. మేస్త్రి మా మేనమామ. నేను దుబాయిల ఆరేండ్లు గిదే పని చేసి వచ్చి ఆయన పక్కకు చేరిన. అక్కడ మిషన్ మీద నీళ్ళు పారకపోతే రాయి కోయనియ్యరు. మూతికి బిర్రుగ మాస్కు లేకపోతే సైటుకే రానియ్యరు. రాయి దుమ్ముల సిలికా ఉంటదని, కంటికి కానరానంత సన్నగుంటదని, ఊపిరితిత్తులల్ల పడితే మళ్ళ బయటికి రాదని చెప్పి చెప్పి మా చెవులు తినేటోళ్ళు.

మామ మాత్రం నీళ్ళు లేకుంట పొడి రాయే కోస్తుండె. మూతికి ఒక దస్తి, గంతే. పొద్దూకేసరికి పిండి గిర్నిలకెల్లి బయటవడ్డట్టు తెల్లగయితుండె.

నేను మాస్కు చేతిల పెడితే, "మీ తాత నలభై ఏండ్లు తాళ్ళెక్కిండు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నడారా?" అన్నడు.

"తాటిచెట్టు మీద గాలి ఉంటది మామా, రాయి దుమ్ము ఉండదు."

మామ నవ్విండు. నవ్వు కాస్త దగ్గయింది. అది బీడీ దగ్గు అంటుండె గని, బీడీ ఇడిసిపెట్టి ఏడాదయినా దగ్గు ఆయనను ఇడువలే. అత్తమ్మ తిట్టి తిట్టి జగిత్యాల దవాఖానకు తోలింది. తోడుగ నేను పోయిన. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "లోపలికి పోయిన దుమ్మును నేను తియ్యలేను. కొత్తది పోకుండ మీరే చూసుకోవాలె," అన్నది. మామ మొకం చిన్నగయింది. మెట్లు దిగంగనే "గా మాస్కు ఇటియ్యి" అన్నడు.

రెండొద్దులకు సిరిసిల్లల ఒక కొత్తింట్ల పని వడ్డది. రాయిని ఆరుబయట పెట్టి పైపుతోని నీళ్ళు పోసుకుంటనే కోసినం. సింకు మూల ఒక్కటి లోపల పొడిగ చెక్కవలసి వచ్చింది. మాస్కులు తీసినంక చూస్తే నా మూతి శుభ్రంగున్నది. మామ మీసం, గడ్డం లోపలిదాక తెల్లగున్నయి.

ఇంటామె చాయ తెచ్చి, ఆయన దిక్కు చూసి, "పెరుగన్నం తిని మూతి తుడుసుకోలేదా అన్నా?" అన్నది.

"గడ్డం సందులకెల్లి దుమ్ము లోపలికి పోతున్నది మామా. మాస్కు తోలుకు అంటుకోవాలె. గడ్డం తియ్యాలె."

మామ అదిరిపడ్డడు. బిడ్డకు సర్కారు నౌకరి వస్తే గుట్ట మీద అంజన్నకు గడ్డం ఇస్తనని మొక్కుకున్నడు. రెండేండ్లయింది. గడ్డం ఛాతీ దాక వచ్చింది, నోటిఫికేషన్ రాలే.

"దేవునితోని పరాచికాలాడుతవారా?" అన్నడు. గని ఆ రాత్రి దగ్గుకు నిద్ర పట్టలేదట. మంగళవారం నన్నే బండెక్కించుకొని గుట్టకు పోయిండు.

"అయ్యా, మొక్కు ముందుగాలనే చెల్లియ్యచ్చునా?" అని పూజారిని అడిగిండు. సంగతంతా చెప్పిండు.

పూజారి మామను మీదికెల్లి కిందికి చూసిండు. "అంజన్న వాయుపుత్రుడు. గాలి సంగతి ఆయనకు నువ్వు చెప్పాల్నా? పో, గీయించుకో."

ఇంటికి పోతే మామ బిడ్డ తలుపు తీసి, "ఎవలు కావాలె?" అన్నది. గుర్తువట్టినంక ఏడుపు మొకం పెట్టింది. "ఇగ నాకు నౌకరి రాదనే గడ్డం తీసేసినవా బాపూ?"

మామ మాస్కు పెట్టుకొని గట్టిగ గాలి పీల్చిండు. అది మొకానికి చప్పున అతుక్కున్నది. "చూడు, సందు లేదు," అన్నడు లోపల్నుంచి. పిల్ల నవ్వాపుకోలేకపోయింది, ఎందుకంటే కండ్ల కాడ నల్లగ, గడ్డం పోయిన చెంపల కాడ తెల్లగ, ఆయన మొకం రెండు రంగులయింది.

దగ్గు పూర్తిగ పోలే. మూడో అంతస్తుకు పోతే నడుమ నిలవడుతడు. ఆర్నెల్లకోసారి జగిత్యాల పోయి చూపించుకుంటడు, జబ్బు ఇంక పెరగలేదని డాక్టరమ్మ చెప్తే ఆ పూట అందరికి మిర్చీలు తెస్తడు. పని కాడ దుమ్మును చీపురుతోని ఊడ్వనియ్యడు, తడిగుడ్డతోనే తుడిపిస్తడు. మొన్న నేను రెండొద్దులు గీసుకోకుంట పోయిన. గడపల్నే ఆపి చెంప మీద అరచెయ్యి రుద్ది, "గరుకున్నది, పో," అని కటింగ్ షాపుకు తోలిండు.