సునందక్క చెప్పిన పేరు

పన్నెండేళ్లుగా ఒక పేరు నా లోపల బరువుగా ఉండిపోయింది. హత్య కాదు, దొంగతనం కాదు. సినిమా అవార్డు వచ్చిన ఒక హీరోయిన్ పేరు. మీరు నవ్వినా నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇంకెవరికీ చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

కోరుట్లలో మా అరుగు మీద ఐదుగురం కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. చేతులు ఆకు మీద, మాటలు సినిమాల మీద. ఏటా హైదరాబాద్‌లో పెద్ద అవార్డుల వేడుక జరిగేది. అది మా టీవీలోకి వచ్చేసరికి వారం దాటేది. వేడుకకు ముందే అవార్డులు ఎవరికి వస్తాయో పందెం వేసుకునేవాళ్లం. సినిమా, హీరో, హీరోయిన్, కమెడియన్, పాట. టీవీలో చూసేదాకా పేపరు ముట్టకూడదని బీడీల చేట మీద చెయ్యి పెట్టి ఒట్టు. గెలిచినామె మొగుడితో జగిత్యాల పోయి సినిమా చూసి రావాలి. ఆ రోజు ఆమె చుట్టాల్సిన బీడీలు మిగతా నలుగురం పంచుకుని చుట్టాలి.

ఇంటర్ దాకా చదివింది నేనొక్కదాన్నే. అందుకే ఒక్కొక్కరూ వచ్చి నా చెవిలో పేర్లు చెబితే, చీటీలు రాసి డబ్బాలో వేసేది నేనే. కానీ గెలిచేది మాత్రం సునందక్క. పక్కింటి ఆమె, నాకన్నా కొన్నేళ్లు పెద్ద, అక్షరం ముక్క రాదు. మూడేళ్లు వరసగా గెలిచింది. ఏ హీరోయిన్ మనసు పెట్టి ఏడ్చిందో, ఎవరిది ఉత్త కంటి తడో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. పనిలేని రోజంటే ఆమె అత్తకు గిట్టదు. బీడీలు మేం చుట్టే ఆ ఒక్క రోజే కోడలిని గడప దాటనిచ్చేది. అంటే ఏడాదికి ఒకే ఒక్క సినిమా. మరి మా ఆయనో? నేను అడగాలే గాని ఏ ఆదివారమైనా తీసుకెళ్లేవాడు.

అలాంటప్పుడు నాకెందుకు ఆ బుద్ధి పుట్టింది? చదువుకున్నదానివి, ఒక్కసారన్నా గెలవవా అని అందరూ ఆటపట్టించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం మండేది.

ఆ ఏడు సిరిసిల్లలో మా అమ్మను చూసి వస్తూ బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పితే నూనె మరకల మధ్య అవార్డుల జాబితా. చూడకూడదనుకున్నాను. చూశాను. అక్కడితో ఆగినా ఒట్టు తప్పిన పాపంతో పోయేది. ఇంటికి వచ్చి డబ్బా తెరిచాను. సునందక్క చెప్పినవి ఐదుకు ఐదూ సరిపోయాయి. నావి నాలుగు. తేడా హీరోయిన్ ఒక్కటే. రెండు చీటీలూ చింపేసి మళ్లీ రాశాను. ఆమె చెప్పిన హీరోయిన్ నా చీటీలోకి వచ్చింది, నేను అనుకున్న హీరోయిన్ ఆమె చీటీలోకి పోయింది. చెయ్యి వణకలేదు. ఇప్పటికీ నాకు భయం వేసేది అందుకే.

టీవీలో వేడుక చూశాక చీటీలు చదివాను. తన వంతు రాగానే సునందక్క చుట్టడం ఆపింది.

"నేను గా పేరు చెప్పలే పిల్లా. నీ చెవుల ఇంకో పేరు చెప్పినట్టు యాదికున్నది."

"లేదక్కా. గిదే చెప్పినవ్. చీటిల ఉన్నది గదా."

ఆమె నా మొహంలోకి చూసింది. అనుమానంతో కాదు. ఆ చూపులో అనుమానం ఉంటే ఇన్నేళ్లు హాయిగా నిద్రపోయేదాన్నేమో.

"అయితే నేనే మర్సినట్టున్న. నువ్వెందుకు తప్పు రాస్తవ్ తియ్."

నేను తర్వాతి చీటీ విప్పి చదివాను. జగిత్యాల పోయి సినిమా చూశాను. నేను తెర ముందు కూర్చున్నప్పుడు సునందక్క అరుగు మీద నా బీడీలు చుడుతూ ఉంది. సినిమాలో ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు.

మరుసటి ఏడు ఆమె నా చెవి దగ్గరికి రాలేదు. తనకు మతి నిలవడం లేదని, తన చీటీలో నాకు తోచిన పేర్లు రాసుకోమని చెప్పింది. ముప్పై ఐదేళ్ల మనిషికి మతిమరుపేమిటి? అది నేను అంటగట్టిన జబ్బు. ఒక్క సినిమా పోతే పోయింది, తన మాట మీద తనకున్న నమ్మకాన్ని కూడా తీసేసుకున్నానే!

కాలం ఆమె పట్ల నాకంటే దయగా ఉంది. అత్త పోయింది. కొడుక్కి పెళ్లయింది. సినిమా పిచ్చి ఉన్న కోడలు వచ్చి, రిలీజైన వారంలోనే అత్తను హాలుకు లాక్కెళుతుంది. ఇప్పుడు మేం ఐదుగురం ఫోనులో ఒక గ్రూపు. ఎవరి జోస్యం వాళ్లు గొంతుతోనే పంపుతారు, రాసే పని ఎవరికీ లేదు. మొదట్లో జంకినా మెల్లగా ఆమె మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. ఈ ఏడు ఐదుకు ఐదూ కొట్టింది. గెలిచానని ఆమె పంపిన నవ్వును పదిసార్లు విన్నాను. సంతోషం పట్టలేకపోయాను, నిజం. కానీ ఆ సంతోషం పాత తప్పును చెరిపేయదు. ఆమె క్షమిస్తుందని నాకు తెలుసు. అడగకపోవడానికి సగం కారణం అదే.

అందుకని క్షమాపణ కోసం రాయడం లేదు. ఉన్నది ఉన్నట్టు ఒక్కసారైనా రాయాలనిపించింది. సునందక్క ఏమీ మరిచిపోలేదు. ఆ ఏడు గెలిచింది ఆమె. నేను తెలిసే తప్పు రాశాను.