కేబుల్‌కు ఎర్ర అంచు

భీమారావుకు కుర్చీ పడదు. కూర్చున్న పది నిమిషాలకే మోకాలు ఊగడం మొదలవుతుంది, వేళ్లు బల్ల మీద దరువేస్తాయి, ఆ తర్వాత మనిషే లేచి వరండాలోకి వెళ్లిపోతాడు. అలాంటివాణ్ణి రైల్వేవాళ్లు ఏడేళ్ల క్రితం రాయ్‌పూర్ స్టోర్స్ ఆఫీసులో కూర్చోబెట్టి, సబ్బులూ చీపుళ్లూ కాగితాలూ పంచిపెట్టే పని అప్పగించారు. అంతకుముందు ఆయన గూడ్సు బండి డ్రైవరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన తండ్రి ఇంజన్లో బొగ్గు వేశాడు, కొడుకు ఆ ఇంజనునే నడిపాడు. ఆ గర్వం ఆయన నడకలో ఇప్పటికీ ఉంది. సబ్బుల పెట్టె ఇవ్వడానికి కూడా బండి దిగి వస్తున్నట్టే వస్తాడు.

తొంభై మూడులో కళ్ల పరీక్ష ఆయన్ను దించేసింది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగ్గా తెలియడం లేదని డాక్టరమ్మ రాసింది, పొగాకు వల్లే కావచ్చు బీడీలు మానమంది. ఆయన బీడీలు మానలేదు, డాక్టరమ్మను నమ్మనూ లేదు. పరీక్ష గదిలో చీకటి అన్నాడు, రంగుల పుస్తకం మాసిపోయిందన్నాడు. అసలు తన పరీక్షకు ఇంకా రెండేళ్ల గడువుంది. మధ్యలో పిలిచారంటే ఎవరో చెప్పి ఉండాలి. చెప్పింది ఎవరో తేల్చుకోవడానికి ఆయనకు ఒక్క పూట కూడా పట్టలేదు. ఇంజన్లో పక్కన కూర్చునే అసిస్టెంట్ జోసెఫ్ తప్ప ఇంకెవడు? ఏడాది తిరక్కుండా జోసెఫ్ డ్రైవరయ్యాడు కూడా. అంతే, పదకొండేళ్ల స్నేహం తెగిపోయింది. జోసెఫ్ కూతురి పెళ్లికి భీమారావు వెళ్లలేదు. ఒకసారి టాటీబంధ్ చౌరస్తాలో జోసెఫ్ ఎదురుపడి చెయ్యెత్తితే, మోపెడ్ తిప్పుకుని వచ్చిన దారినే పోయాడు.

ఇలాంటి మనిషిని రెండువేల సంవత్సరం వేసవిలో ఆఫీసు ప్రింటరుకు రిబ్బను తెమ్మని శంకర్ నగర్ పంపారు. అక్కడ ఊర్మిళ అనే ఆవిడ కంప్యూటర్ సామాను దుకాణం నడుపుతుంది. ఆమె బల్ల మీది తెరలో ఒక రైలు పోతోంది. ఎవరో తీసిన సినిమా కాదు. మీట నొక్కితే కదులుతోంది, బ్రేకు వేస్తే ఆగుతోంది. భీమారావు రిబ్బను సంగతి మరిచి గంటసేపు నిలబడి చూశాడు. కాలు ఊగలేదు, వేళ్లు కదల్లేదు. ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా భార్య దాలమ్మతో అన్నాడు:

"మనింట్లో కంప్యూటరు కడతన్నాను. బండి నడిపే కంప్యూటరు. నా కళ్లకేటయిందో అప్పుడు తేల్తాది."

యాభై దగ్గర పడుతున్న మనిషికి ఆటల కంప్యూటరేమిటని ఏ భార్య అయినా అంటుంది. దాలమ్మ అనలేదు. "కట్టండి" అని వంటింట్లోకి పోయింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని ఆయనకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, అనుమానం దగ్గర ఆగే ఓపిక ఆయనకెక్కడిది!

తయారుగా ఉన్న డబ్బా కొనుక్కోమంది ఊర్మిళ. ససేమిరా అన్నాడు. డ్రైవరు బండి ఎక్కేముందు కింద దూరి బ్రేకులు చూసుకుంటాడు, లోపల ఏముందో తెలియని బండి తానెక్కనన్నాడు. అక్కణ్ణుంచి మూడు వారాలు ఆవిడకు నిద్రలో కూడా భీమారావే కనబడి ఉంటాడు. సోమవారం ఒక మదర్‌బోర్డు ఖాయం చేస్తాడు, బుధవారం వచ్చి వద్దంటాడు. ర్యామ్ ముప్ఫై రెండు చాలంటాడు, సాయంత్రానికి అరవై నాలుగు కావాలంటాడు. బొమ్మలు తెర మీద సాఫీగా పరుగెత్తాలంటే గ్రాఫిక్స్ కార్డు వేరే వేసుకోవాలని విని, ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించి సెలరాన్‌కు దిగాడు. ఇంజను చిన్నదైనా ఫర్వాలేదు, ముందున్న అద్దం శుభ్రంగా ఉండాలి అన్నది ఆయన లెక్క. ఊర్మిళ అది మంచి లెక్కేనంది.

హార్డ్ డిస్కుల దగ్గర మాత్రం ఆయన తడబడలేదు. ఎనిమిది జీబీల కొత్తది ఒకటి, రెండు జీబీల పాతది ఒకటి, రెండూ ఒకే కేబుల్ మీద. ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్, ఏది ఏదో వెనకాలున్న జంపర్ అనే చిన్న క్లిప్పు మార్చి చెప్పాలి అని ఊర్మిళ వివరించబోతే నవ్వేశాడు. "సమఝ్ గయా, బెహన్‌జీ. ముందు ఇంజను, వెనక నుంచి తోసే బ్యాంకరు ఇంజను." పెద్ద డిస్కును రెండు భాగాలు చెయ్యాలనీ, సీలో విండోస్, డీలో ఆట పెట్టుకోవాలనీ ఆమె కాగితం మీద గీసి ఇస్తే, అది యార్డులో లైన్ల పటంలా ఉందని మురిసిపోయాడు. చిన్న డిస్కులో ఆట దాచుకున్న నకళ్లు ఉండాలి. ఒకటి చెడితే ఇంకొకటి.

ఆదివారం పొద్దున ముందుగదిలో చాప పరిచి, సామాను వరసగా పెట్టి, బనియన్‌తో కూర్చున్నాడు. కూలర్ గాలికి కాగితాలు ఎగురుతుంటే వాటి మీద స్క్రూడ్రైవర్లు పెట్టాడు. పదకొండింటికల్లా అన్నీ బిగించాడు. కరెంటిచ్చాడు. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది, ర్యామ్ లెక్కబెట్టింది, అక్కడే బిగుసుకుపోయింది. హార్డ్ డిస్కు కనబడటం లేదట.

ఆ మధ్యాహ్నమే డిస్కును తువ్వాల్లో చుట్టుకుని శంకర్ నగర్ పోయాడు. ఊర్మిళ తన మిషనుకు తగిలించింది. నిక్షేపంగా నడిచింది. ఇంటికి తెచ్చి బిగించాడు, మళ్లీ అదే తంతు. మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి మళ్లీ పోయాడు. మళ్లీ నడిచింది. అప్పుడామె కేబుల్ చేతికిచ్చి, "అంకల్‌జీ, లాల్ పట్టీ ఒకటో పిన్ను వైపు ఉండాలి. ఉల్టా పెట్టారేమో" అంది.

"మాలూమ్ హై" అన్నాడు భీమారావు కోపంగా. ఎర్రగీత సంగతి నిజంగానే తెలుసు. మదర్‌బోర్డు పుస్తకంలో చదివాడు, డిస్కుతో వచ్చిన కాగితంలో చదివాడు. కానీ చేతిలో ఉన్న కేబుల్‌కు ఆ గీతే కనబడలేదు. ఈ అంచు బూడిద రంగు, ఆ అంచు కాస్త మాసిన బూడిద రంగు. గీత అచ్చు కాని నాసిరకం సరుకు అంటగట్టారని వేరేది అడిగి తెచ్చుకున్నాడు. అదీ అంతే. ఇంట్లో వెలుతురు చాలదని వంద వాట్ల బల్బు పెట్టాడు. బల్బు వేడికి చెమట కారింది కానీ గీత రాలేదు. ఆ వారమంతా ఆయన ఇంట్లో ఒకచోట నిలబడలేదు. అన్నం సగంలో లేచి డబ్బా తెరిచేవాడు, మూసేవాడు, గేటు దాకా పోయి తిరిగొచ్చేవాడు.

శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి కేబుల్ ఒక అంచున, రెండు చివర్లా రెండు స్టిక్కరు బొట్లు అంటించి ఉన్నాయి.

"ఏటిది?"

"ఈ పక్కన పెట్టండి" అంది దాలమ్మ, బియ్యం ఏరుతూ, తలెత్తకుండా.

ఆడవాళ్ల చాదస్తం అనుకుంటూనే బొట్లున్న అంచు ఒకటో పిన్ను వైపు పెట్టాడు. రెండు డిస్కుల పేర్లూ తెర మీదకొచ్చాయి. "చూసావా, చేత్తో పట్టుకుని అదిమితే ఎక్కడికి పోతాది" అన్నాడు.  ఆయన డిస్కును భాగాలు చేశాడు, విండోస్ ఎక్కించాడు, డీలో ఆట పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం బండి కదిలింది. ఏడేళ్ల తర్వాత భీమారావు చేతిలో బండి కదిలింది! పట్టాలు ఎదురొచ్చాయి, స్తంభాలు పక్కలకు జారిపోయాయి. కుర్చీలో ఉన్నానని కూడా మరిచిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకున్నాడు. ఇంతలో బండి దానంతటదే ఆగి, సిగ్నల్ దాటేశారని తెర మీద అక్షరాలు పడ్డాయి.

ఆటలో తప్పుందనుకున్నాడు. మళ్లీ మొదలెట్టాడు. అదే చోట ఆగింది. మూడోసారి నెమ్మదిగా పోయి, స్తంభాన్ని రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆ స్తంభానికి ఒకటే చుక్క, రంగే మారుతుంది. ఆకుపచ్చే. ఖాయంగా ఆకుపచ్చే. దాటాడు. మళ్లీ ఆగింది.

"కార్డు రంగులు తప్పు సూపిస్తంది! దాలమ్మా, ఇలా రా. ఆ దీపం ఏ రంగే?"

దాలమ్మ వచ్చి వెనక నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఎరుపండి" అంది చివరికి.

భీమారావు చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆయన చెవిలో జోసెఫ్ గొంతు వినబడింది. చర్చిలో పాటలు పాడే గొంతు, ఇంజను రొదలో కూడా ఖంగున మోగేది. రైల్వే నియమం ఒకటుంది: కనబడిన ప్రతి సిగ్నల్‌నూ ఇంజన్లో ఉన్న ఇద్దరూ పైకి చెప్పాలి. ఒకరు చెప్తే రెండోవాడు తానూ చూసి తిరిగి అనాలి. మొదట్లో ఆయనే ముందు అనేవాడు. ఎప్పటినుంచి జోసెఫ్ ముందు అంటున్నాడు? "మందిర్ హసౌద్ హోమ్, రెడ్!" అని స్టేషను బయటి సిగ్నల్ చూసి జోసెఫ్, "రెడ్" అని తను. చూసి అన్నాడా, విని అన్నాడా? ఆఖరి రెండేళ్లలో తను ముందుగా అన్న సిగ్నల్ ఒక్కటైనా ఆయనకు జ్ఞాపకం రాలేదు. వెనక యాభై ఎనిమిది వ్యాగన్లు, ఎదర ఎవరి బండి ఉందో. 

"ఆడు రెండేళ్లు నన్ను కాసుకొచ్చాడు" అన్నాడు మెల్లగా. "మరి ఆడే ఎందుకు చెప్పాడే?"

"జోసెఫన్న చెప్పలేదండి. నాను చెప్పాను."

భీమారావు తిరిగి చూశాడు.

"పండుమిరపకాయలు తెమ్మంటే రెండుసార్లు పచ్చివే తెచ్చారు. పండువే అని నామీద కేకలేసారు. భయమేసి అన్నను అడిగితే, తనున్నంత వరకూ ఏటీ కాదన్నాడు. మరి అన్నకు సెలవొచ్చిన రోజో? నాకు నిద్దర పట్టలేదండి. డాక్టరమ్మ దగ్గరికి నానే ఎళ్లాను." దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ తర్వాత మీకు నిజం చెప్తానంటే అన్నే ఒప్పలేదు. 'నా మీద కోపం పెట్టుకోనీ చెల్లెమ్మా. నీ మీద పెట్టుకుంటే ఆ ఇంట్లో వాడికి అన్నం ఎలా దిగుతాది' అన్నాడు."

భీమారావు లేచాడు. వరండాలోకి పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. చొక్కా తిరగేసి తొడుక్కుని, విప్పి మళ్లీ తొడిగాడు.  గడప దాటుతూ దాలమ్మ తలమీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, మోపెడ్ ఎక్కాడు.

జోసెఫ్ ఇల్లు మారలేదు. తలుపు తీసింది జోసెఫే, జుట్టు నెరిసిపోయింది. భీమారావు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఒక బండుందిరా" అన్నాడు. "అసిస్టెంట్ లేడు."

జోసెఫ్ ఆయన మొహంలోకి కాసేపు చూశాడు.  లోపలికి తిరిగి, "మరియమ్మా, డ్యూటీకి ఎళ్తన్నాను" అని కేకేసి చెప్పులేసుకున్నాడు.

దాలమ్మ రెండో కుర్చీ ఎడమ పక్కన వేసి ఉంచింది. బండి కదిలింది. వంతెన దాటింది, మలుపు తిరిగింది. దూరంగా స్తంభం మీద చుక్క వెలిగింది. "హోమ్ సిగ్నల్, రెడ్!" అన్నాడు జోసెఫ్ ఖంగుమని. "రెడ్" అన్నాడు భీమారావు, బ్రేకు వేశాడు. బండి స్తంభానికి ఇవతలే ఆగింది. ఆ ఎరుపు మారేదాకా ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.