రెండో తీగ అలిగింది

మా బాబాయి గిటారు వాయిస్తాడని అందరూ అంటారు కానీ, అందులో నిజం మూడోవంతే. మా బాబాయి గిటారుని శ్రుతి చేస్తాడు. మధ్యమధ్యలో, తీరిక చిక్కినప్పుడు, వాయిస్తాడు.

గంట కచేరీ అంటే ఇరవై నిమిషాలు పాట, నలభై నిమిషాలు శ్రుతి. పాట పూర్తయి చప్పట్లు ఇంకా ఆగకముందే ఆయన తల వంచి, చెవి గిటారుకి ఆనించి, తీగలు బిగించే మరల్ని మెలితిప్పడం మొదలుపెట్టేవాడు. జనంతో అనేది ఒకటే మాట: "ఒక్క క్షణం అండీ. రెండో తీగ అలిగింది."

అలాంటి ఒక క్షణంలో ఒక పెద్దమనిషి లేచి వెళ్ళి, టీ తాగి, క్షవరం చేయించుకుని తిరిగొచ్చి, "ఏమన్నా పోయిందా?" అని పక్కవాణ్ణి అడిగాడట.

"ఏం పోలేదు. రెండోది అలక మానింది. ఇప్పుడు మూడోదాన్ని బతిమాలుతున్నారు" అన్నాడట పక్కవాడు.

ఆయన్ని అని ఏం లాభం, వృత్తే అలాంటిది. బాబాయి కాటాలు బాగుచేసేవాడు. కూరగాయల కొట్లో పెద్ద కాటా నుంచి మందుల షాపులో చిన్న త్రాసు దాకా ఆయన చేతిలో పడితే ఆవగింజంత తేడా మిగిలేది కాదు. అదే పిచ్చి చెవికీ పట్టుకుంది. భోజనాల దగ్గర ఎవరి గ్లాసుకైనా చెంచా తగిలి 'టింగ్' మంటే చాలు, "అబ్బే, ఇది కొంచెం దిగింది" అని ఆ గ్లాసు లాక్కుని రెండు గుక్కలు తాగి, మళ్ళీ కొట్టి చూసి, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని తిరిగిచ్చేవాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళకి ఎప్పుడూ దాహం తీరేది కాదు.

వాళ్ళ పెళ్ళి ఫొటోలో పిన్ని కెమెరా వైపు చూసి నవ్వుతుంటుంది. బాబాయి ఒళ్ళో గిటారు మీదికి వంగి ఉంటాడు. "ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. ఆ మనిషి తల ఇంకా ఎత్తలేదు" అంటుంది పిన్ని, వచ్చినవాళ్ళకి ఆ ఫొటో చూపించినప్పుడల్లా.

కానీ ఆ శ్రుతి కుదిరాక వాయించాడా, ఇక చెప్పేదేముంది! కూలిపనుల పాటలు, రైలు తప్పిపోయినవాళ్ళ పాటలు, బ్లూస్. "ఈ బ్లూస్ అంటే ఏమిటి బాబాయ్?" అని ఒకసారి అడిగాను. "కష్టం వచ్చి గుమ్మంలో నించుందనుకో. పొమ్మంటే పోదు కదా. అందుకని కుర్చీ వేసి కూర్చోబెట్టి, దానిచేతే తాళం వేయించుకోవడంరా" అన్నాడు.

ఆయన పక్కన ఎప్పుడూ వెల్డర్ మావయ్య ఉండేవాడు. మావయ్య అని వరస కలిపి పిలవడమే కానీ చుట్టమేం కాదు. బాబాయి షాపు పక్కనే వెల్డింగ్ షాపు. పగలంతా నిప్పురవ్వలు, సాయంత్రం మౌత్ ఆర్గాన్. ఆయన ఊదితే రైలు నిజంగానే హాలు మధ్యలోంచి వెళ్ళిపోయినట్టుండేది. పాపం, ముప్ఫై ఏళ్ళ పొగ ఊరికే పోలేదు. ఊపిరితిత్తులు పాడై, తొమ్మిదేళ్ళ కిందట ఊదడం మానేశాడు. అదే నెలలో బాబాయి కూడా కచేరీలు మానేశాడు.

శ్రుతి పిచ్చికి జనం విసుగెత్తిపోయి పిలవడం మానేశారనే అందరం అనుకున్నాం. అనుకోవడమేమిటి, ఆ మాట పుట్టించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చివరి కచేరీలో మూడో వరసలో ఒకాయన గురక పెడుతుంటే, బాబాయి శ్రుతి చేస్తూ చేస్తూ తలెత్తి, "అయ్యా, కొంచెం పై స్థాయిలో పెడతారా? తీగ కలుస్తుంది" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. కుర్చీ కిందికి దూరిపోదామనుకున్నాను.

ఈ ఏడాది లైబ్రరీ మేడమ్ పట్టుబట్టింది. లైబ్రరీ మేడ మీద చిన్న హాలుంది, ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ పెడతానంది. "వెల్డర్ వస్తే వస్తాను" అన్నాడు బాబాయి. వెల్డర్ మావయ్య అప్పటికి ఏదో మందు పీలుస్తూ కాస్త తేరుకున్నాడు. ఒకసారికి ఒక్క పాట మాత్రం ఊదగలడు.

"ఒరేయ్, నా ఊపిరి సంగతి తెలిసి కూడా అడుగుతున్నావా?" అన్నాడు మావయ్య.

"నువ్వు రాకపోతే ఆ రైలు పాట ఎవడు ఊదుతాడ్రా, మీ ఆవిడా?"

"సరే, వస్తాను. కానీ ఒక్క మాట. నా కోసం ఎక్కడా ఆగడానికి వీల్లేదు. జనం నవ్వితే పడతాను, విజిలేస్తే పడతాను. 'అయ్యో పాపం' అన్నారంటే మాత్రం ఆ క్షణమే దిగి ఇంటికెళ్ళిపోతాను. మళ్ళీ దీన్ని ముట్టుకోను."

"నీ కోసం ఎవడాగుతాడ్రా? నీకంత సీను లేదు" అన్నాడు బాబాయి.

ఇంట్లో పిన్ని నన్ను పక్కకి పిలిచింది. "తొమ్మిదేళ్ళ తర్వాత ఎక్కుతున్నారు. ఈసారైనా పరువు దక్కే మార్గం చూడరా."

చూశాను. ట్యూనరని ఒకటి అమ్ముతారు, అగ్గిపెట్టెంత ఉంటుంది. గిటారు తలకి క్లిప్పులా తగిలిస్తే చాలు, తీగ తప్పితే ఎర్ర లైటు, కుదిరితే పచ్చ లైటు. కొని తెచ్చి నా చేత్తోనే బిగించాను. బాబాయి దాన్ని నెత్తిన పేనుని చూసినట్టు చూశాడు.

"తీసెయ్‌రా."

"కుదరదు బాబాయ్."

"అది అక్కడుంటేనే నేనొస్తాను" అంది పిన్ని. బాబాయి దాన్ని అలాగే ఉంచి పెట్టె మూశాడు.

లైబ్రరీ మెట్లు పద్దెనిమిది. తొమ్మిదో మెట్టు దగ్గర బాబాయి హఠాత్తుగా కూలబడి, పెట్టె తెరిచి గిటారు బయటికి తీశాడు. "రెండో తీగ అలిగింది."

"బాబాయ్! ఇంకా హాల్లోకే వెళ్ళలేదు!"

"వీడు మారడు అల్లుడూ" అని మావయ్య గోడకి చేరబడ్డాడు. నేను వాచీ చూసుకుంటూ పళ్ళు నూరాను.

హాలు నిండిపోయింది. మొదటి పాట అయ్యేసరికి తొమ్మిదేళ్ళూ తొమ్మిది రోజుల్లా అనిపించాయి. చప్పట్లు హోరెత్తాయి. బాబాయి తల వంచాడు. "ఒక్క క్షణం అండీ. రెండో తీగ..."

"పచ్చే వెలుగుతోందండీ!" అని ఎవరో అరిచారు.

ట్యూనర్ లైటు వాయించేవాడి వైపు ఉండాలట. నేను దాన్ని జనం వైపు బిగించాను. బాబాయికి తప్ప హాల్లో అందరికీ కనిపిస్తోంది. ఆయన ఒక్కో తీగ మీటుతున్నాడు, పచ్చ. పచ్చ. మళ్ళీ పచ్చ. జనం విరగబడి నవ్వుతున్నారు.

అప్పుడాయన చేసిన పని చూసి నాకు మతిపోయింది. చక్కగా కుదిరిన రెండో తీగని తనే కావాలని వదులు చేశాడు. ఎర్ర లైటు వెలిగింది. తర్వాత తీరిగ్గా, చీమ నడిచినట్టు, మళ్ళీ బిగించుకుంటూ వచ్చాడు. ముసలితనానికి చాదస్తం ముదిరిందనుకుంటూ ఆయన ముఖం చూశాను. ఆయన చూపు తీగ మీద లేదు. వెల్డర్ మావయ్య చొక్కా జేబు మీద ఉంది. ఆ జేబులో కళ్ళజోడు పెట్టె గబగబా పైకీ కిందికీ ఊగుతోంది. అది నెమ్మదించగానే బాబాయి తలెత్తి, "ఆఁ, కుదిరింది" అన్నాడు.

తొమ్మిదో మెట్టు గుర్తొచ్చింది. చివరి కచేరీ గుర్తొచ్చింది. నేను నూరిన పళ్ళు గుర్తొచ్చాయి. మొదట అది జబ్బే, ఎవరూ కాదనరు. తర్వాత్తర్వాత ఆ జబ్బునే ఆయన మావయ్య ఆయాసానికి మందుగా వాడుతున్నాడు.

రెండో పాట దాటింది. మూడోది రైలు పాట. మావయ్య రైలుని హాలు మధ్యలోంచి నడిపించి, ఆఖరి కూత దాకా వదలకుండా లాగాడు. జనం లేచి నిలబడ్డారు. కళ్ళజోడు పెట్టె మాత్రం ఇప్పుడు ఎగిరెగిరి పడుతోంది. బాబాయి మర మీద చెయ్యి వేశాడో లేదో, హాలంతా ఒక్కటై, "పచ్చ! పచ్చ! పచ్చ!" అని సరదాగా కేకలు. తర్వాతి పాట కావాలట, ఇప్పుడే కావాలట. మావయ్య పౌరుషం కొద్దీ మౌత్ ఆర్గాన్ పెదవుల దాకా తెచ్చాడు. బాబాయి చెయ్యి మర మీదే బిగుసుకుపోయింది. ఆ ముఖంలో మొదటిసారి భయం చూశాను. దానికి కారణం నేను కొన్న అగ్గిపెట్టె.

ఎలా లేచానో తెలియదు, వేదిక ఎక్కేశాను.

"క్షమించాలి! ఈ మిషన్ కొన్నది నేను. ఇది దొంగ పచ్చ చూపిస్తోంది!" అంటూ దాన్ని పీకాను. మూత ఊడింది. గుండీ అంత బ్యాటరీ ఎగిరి ఎక్కడో పడింది. ఇంకేముంది, యాభై రెండేళ్ళ వయసులో, నలుగురూ చూస్తుండగా, మోకాళ్ళ మీద పడి వెతకడం మొదలుపెట్టాను.

"ఎడమ పక్క చూడండి!" అన్నారొకరు. "కుర్చీ కింద!" ఇంకొకరు. బల్ల కిందికి దూరి లేవబోయి నెత్తి కొట్టుకున్నాను. అంతలో వెనకనుంచి 'పర్ర్' మని ప్యాంటు కుట్టు విడిచిన చప్పుడు. నవ్వులతో హాలు పగిలిపోయింది. నవ్వి నవ్వి లైబ్రరీ మేడమ్ కళ్ళు తుడుచుకుంటోంది. పిన్ని ముఖం చేతుల్లో దాచుకుంది. ఆవిడ కోరిన పరువు అలా దక్కింది.

నాలుగైదు నిమిషాలు పాకాను. బ్యాటరీ దొరకలేదు కానీ, పక్కనుంచి నెమ్మదైన ఊపిరి వినబడింది. తలెత్తితే కళ్ళజోడు పెట్టె బుద్ధిగా జేబులో కూర్చుని ఉంది. బాబాయి నా వైపు వంగి, "లేవరా. కుదిరింది" అన్నాడు మెల్లిగా.

ఆ రోజు మొత్తం ఏడు పాటలు. ప్రతి పాట తర్వాతా రెండో తీగ అలిగింది, పచ్చ లైటు అడ్డం రాలేదు. 'అయ్యో పాపం' అని ఎవరన్నా అన్నారంటే నా ప్యాంటు గురించే.

అంతా అయ్యాక, చొక్కా కిందికి లాక్కుంటూ నిలబడ్డాను. బాబాయి గిటారు సర్దుతున్నాడు. వెల్డర్ మావయ్య నా దగ్గరికొచ్చి అరచేతిలో ఏదో పెట్టాడు. గుండీ అంత బ్యాటరీ.

"ఎక్కడ దొరికింది మావయ్యా?"

"పడగానే చెప్పు కింద పెట్టుకున్నాను అల్లుడూ. నువ్వు అంత కష్టపడి వెతుకుతుంటే అప్పుడే ఇచ్చేస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ బాబాయితో అనకు. నాకు తెలీదనుకుంటున్నాడు పిచ్చి వెధవ" అన్నాడు.

మెట్లు దిగడం మొదలుపెట్టాం. ముందు పిన్ని, వెనక వాళ్ళిద్దరూ, అందరికంటే వెనక, గోడకి వీపు ఆనించుకుంటూ నేను. తొమ్మిదో మెట్టు రాగానే ఆగాను.

"బాబాయ్, రెండో తీగ ఎలా ఉంది?"

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. మెట్టు మీద కూర్చుని పెట్టె తెరిచాడు.

"నువ్వడగడం మంచిదైందిరా. మూడోది కూడా అలిగింది."